నల్గొండ, పాలమూరు వైపు వరి పొలం కొనాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

దాచుకున్న డబ్బుతోనో, పట్నంలో ప్లాటు అమ్మగా వచ్చిన డబ్బుతోనో ఇంటిల్లిపాది పేరు చెప్పుకునేలా నాలుగెకరాల పొలం కొనాలనుకునే కుటుంబాల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. పత్తి చేనుకు, బత్తాయి తోటకు లెక్కలు వేరు. ఇక్కడ చెప్పేదంతా వరి పండే తరి పొలం గురించే.

పొలం మీద ఏడాదికి ఎంత వస్తుంది? బ్యాంకు వడ్డీకి సరితూగుతుందా?

తూగదు. బేరానికి కూర్చోకముందే ఇంట్లో ఈ మాట తేల్చుకోండి.

లెక్క కోసం ఎకరం 30 లక్షలు అనుకుందాం. కౌలు పంటకు 8 బస్తాలు మాట్లాడుకున్నారు. బస్తా 75 కిలోలు, మొత్తం 6 క్వింటాళ్లు. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. పంటకు 14,214, వానకాలం, యాసంగి రెండూ పండితే 28,428. దానికి రైతు భరోసా 12,000 కలిపితే 40,428. పెట్టిన 30 లక్షల మీద ఏడాదికి నూటికి 1.35 రూపాయలు. యాసంగికి నీళ్లు ఇవ్వని ఏడు అది 26,214కు, అంటే నూటికి రూపాయి కంటే కిందికి దిగుతుంది.

సొంత సేద్యమైతే లెక్క మారుతుంది. ఎకరాకు 25 క్వింటాళ్లు పండి, ఏ గ్రేడు కింద 2,389 చొప్పున అమ్మితే 59,725. సన్నాలు వేసి ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో అమ్మితే, క్వింటాలుకు 500 బోనస్ చొప్పున ఇంకో 12,500. దమ్ము, నారు, నాటు కూలి, ఎరువులు, కలుపు మందు, రెండు మూడు పిచికారీలు, కోత మిషన్, ట్రాక్టరు కిరాయి అన్నీ కలిపి 30 నుంచి 35 వేలు వేసుకోండి. మిగులు కౌలు కంటే బాగానే కనబడుతుంది. కానీ ఆ మిగులు ఊళ్లో ఉండి తెల్లారి గెట్ల మీద తిరిగేవాళ్లది. హైదరాబాద్‌లో ఉండి ఫోను మీద సేద్యం చేయిస్తే నీళ్లు కట్టే మనిషి జీతానికి, రెండుసార్లు వేసిన యూరియాకు, సమయానికి దొరకని కూలీలకు అది కరిగిపోతుంది. అలాంటివాళ్లు కౌలుకిచ్చి ఊరుకోవడమే మేలు.

కాబట్టి కుటుంబం పెట్టుబడిగా కొనే పొలంలో అసలు లాభం భూమి ధర పెరుగుదలే. ఆ ధరను నిలబెట్టేవి రెండే: యాసంగిలో చివరి తడి దాకా నీళ్లు, అడిగిన వెంటనే చూపగల శుభ్రమైన కాగితాలు. ఈ రెండూ ఉన్న పొలం చేతిలో ఉంటే కొనేవాడు ఇంటికొస్తాడు.

అప్పు చేసి కొనొచ్చా?

వద్దు. నూటికి పది పదకొండు వడ్డీ కట్టి, ఒకటిన్నర కూడా రాని దాన్ని కొంటే రెండో ఏటికల్లా అదే పొలాన్ని బేరానికి పెట్టాల్సి వస్తుంది. అవసరంలో అమ్మేవాడికి ధర పలకదు.

ఏ ప్రాజెక్టు కింద కొనడం మంచిది?

ప్రాజెక్టు పేరు కంటే ఆ కాలువ మీద మీ పొలం ఎక్కడుందన్నది ముఖ్యం. అయినా స్వభావాలు తెలియాలి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద హాలియా, నిడమనూరు, త్రిపురారం, మిర్యాలగూడ, వేములపల్లి, అవతల సూర్యాపేట జిల్లాలో నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్, కోదాడ వస్తాయి. పెద్ద ఆయకట్టు, స్థిరపడిన సేద్యం, పక్కనే మిర్యాలగూడ మిల్లులు. మిషన్ కోసిన పచ్చి వడ్లను ఆరబెట్టకుండానే ట్రాక్టరులో నేరుగా మిల్లుకు తోలే వీలు ఇక్కడ ఉంది. అందుకే ధరలూ ఎక్కువ. అలాగని నీళ్లకు గ్యారంటీ లేదు. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. పైన శ్రీశైలం నిండి కిందికి వదిలితేనే ఆ మట్టం చేరుతుంది. కృష్ణకు వరద రాని 2015-16లో, మళ్లీ 2023-24 యాసంగిలో ఈ ఆయకట్టు నీళ్లకు మొహం వాచింది. పదేళ్లలో రెండుసార్లు అలాంటి ఏడాది వస్తుందని లెక్కలోనే రాసుకోండి.

ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల ప్రాజెక్టు) కింద నీళ్లు పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి పోస్తేనే వస్తాయి. అక్కంపల్లి జలాశయం నుంచి హైదరాబాద్ తాగునీటికి కూడా పోవాలి కాబట్టి, కరువొస్తే ముందు ఆగేది పొలం నీళ్లే. మూసీ కింద నీళ్లకు కొదవ తక్కువ. వచ్చేది మాత్రం పట్నం మురుగు కలిసిన నీళ్లు, అక్కడ మట్టి పరీక్ష చేయించకుండా బయానా (అడ్వాన్సు) ఇవ్వకండి.

పాలమూరు వైపు జూరాల ఉంది. నిల్వ సుమారు 9.6 టీఎంసీలే. వానకాలం బాగుంటుంది, ఎగువ నుంచి రాక ఆగితే యాసంగికి ఆయకట్టు కోసేస్తారు, వారబందీ (వంతుల వారీగా నీళ్లు) పెడతారు. అలంపూర్ వైపు ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ కాగితం మీద 87,500 ఎకరాలది. ఆనకట్ట రాయచూరు జిల్లాలో, పొలం ఇక్కడ. నడుమ నీళ్లు తగ్గిపోయి చివరి ఊళ్లకు అందకనే తుంగభద్ర మీద తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టాల్సి వచ్చింది. ఆ కాలువ కింద కొనేవాళ్లు తమ ఊరికి ఏ దారిన నీళ్లొస్తున్నాయో ఊరు ఊరుగా కనుక్కోవాలి.

కాలువ నీళ్లు మా పొలం దాకా వస్తాయని ఎలా నమ్మాలి?

మధ్యవర్తి పొలం చూపించేది సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరులో. అప్పుడు ప్రతి మడీ పచ్చగానే ఉంటుంది. మీరు చూడాల్సింది మార్చి నెలాఖరులో, వరి పొట్ట దశ దాటి గింజ పాలు పోసుకునే రోజుల్లో. అప్పుడు తడి అందితే ఆ పొలానికి నీళ్లున్నట్టు.

మేజరు (పెద్ద పంపిణీ కాలువ), మైనరు (దాని కొమ్మ కాలువ), దాని మీద తూము, అక్కడి నుంచి పిల్ల కాలువ, ఈ వరసలో మీ పొలం ఎన్నోది? తూము నుంచి పొలం దాకా పిల్ల కాలువ గట్టు వెంట నడవండి. కాలువ అడుగున మెత్తని ఒండ్రు, గోడకు ఎండిన నాచు అంటుకుని ఉంటే నిరుడు నీళ్లు పారినట్టు. అడుగున తుమ్మ మొలకలు, పల్లేరు తీగలు పెనవేసుకుని ఉంటే ఎన్నాళ్లుగానో పారనట్టు. మధ్యలో ఎవరైనా కాలువను చదును చేసి మడిలో కలుపుకున్నారేమో చూడండి. అలా జరిగితే నీళ్ల కోసం పోలీసు స్టేషన్ దాకా పోవాల్సి ఉంటుంది.

అమ్మేవాడిని అడగకండి. పైమడి వాడిని, కిందిమడి వాడిని విడివిడిగా ఒకే మాట అడగండి: గడిచిన ఐదు యాసంగుల్లో ఎన్ని నాటేశారు, ఎన్ని చేతికొచ్చాయి? నాటు వేసి ఎండబెట్టుకున్న ఏడాది ఉందంటే అది నాటేయని ఏడాది కంటే చెడ్డది. పెట్టుబడి మొత్తం మట్టిపాలవుతుంది, ఆ ఏడు కౌలు కూడా వసూలు కాదు.

ఇంకో ఆనవాలు, ఆయకట్టులో ఉండి కూడా పొలానికో బోరు ఉంటే అక్కడ కాలువను ఎవరూ నమ్మడం లేదన్నమాట.

బోరు కింద పొలం కొనొచ్చా? ఎన్ని ఎకరాలు పారుతుంది?

బోరు నీళ్లను కొలిచి చూసి కొనాలి. రెండు ఇంచుల నీళ్లు అంటారు, ఆ మాటకు అర్థం మనిషి మనిషికీ మారుతుంది. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి నింపండి. 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. పది గంటలు నడిస్తే లక్ష లీటర్లు. ఎకరం మడిలో ఒక మిల్లీమీటరు నీళ్లు నిలపడానికి సుమారు 4,047 లీటర్లు కావాలి, కాబట్టి లక్ష లీటర్లంటే ఎకరాకు 25 మిల్లీమీటర్లు. యాసంగి వరికి ఎండ తాగేది, నేల తాగేది కలిపి రోజుకు 10 మిల్లీమీటర్లు వేసుకుంటే ఆ బోరు రెండున్నర ఎకరాలకు సరి. ఎర్ర చెల్కలో, దుబ్బ నేలలో ఇంకుడు ఎక్కువ, ఎకరం ఎకరంన్నర దాటదు. నల్లరేగడిలో కొంచెం సాగుతుంది.

ఈ కొలత కూడా ఏప్రిల్‌లో, మోటారు వేసి మూడు గంటలు నడిచాక తీయాలి. వేసిన పది నిమిషాలు ధార బాగానే కొడుతుంది, తర్వాత ఆగి ఆగి పోస్తుంది. రాష్ట్రంలో 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది, అందుకని కరెంటు కంటే ముందు బోరే ఎండుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని మీద ఎన్ని మోటార్లు ఉన్నాయి, సర్వీసు నంబరు ఎవరి పేరున ఉంది, అనేవి అడిగి రాసుకోండి. 25 కేవీఏ మీద ఏడెనిమిది మోటార్లు నడిపే ఊళ్లలో కాలేది మీ మోటారే.

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. పొలం దగ్గర కాపలా మనిషి కుటుంబాన్ని ఉంచాలనుకుంటే తాగునీరు వేరే చూడాలి.

చెరువు కింద పొలం?

వానలున్న ఏడు బంగారం. చెరువులో నీళ్లు మత్తడి దూకితే యాసంగికి కూడా ధైర్యం. కానీ కట్టకు లోపలి వైపు చూపించే పొలం దగ్గరికి పోకండి. అది శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి. కొన్ని చోట్ల శిఖం పట్టా కూడా ఉంటుంది, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు మాత్రమే దానితో వచ్చేది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దు ఎక్కడ పడుతుందో నీటిపారుదల శాఖ పటంలో చూసుకోండి.

నేల బాగుందో లేదో చూపుతో తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ మడిలో తెల్లని పొడి పేరుకుని కనిపిస్తే చౌడు. నల్లగా జిడ్డుగా పొర కడితే క్షారం ఎక్కువ, అది ఇంకా మొండిది. వరి కోత కొయ్యలు మడి మధ్యలో మచ్చలు మచ్చలుగా లేకుండా పోయాయంటే అక్కడ నాటు చచ్చిందని అర్థం.

దాని కంటే ఎక్కువమంది మోసపోయేది జాలు పొలంతో. కాలువ గట్టు పక్కన, పల్లంలో ఉండి ఎప్పుడూ తడిగా ఉంటుంది. నీళ్లకు కరువు లేదని సంబరపడి కొంటారు. కోతకు టైరు మిషన్ దిగబడుతుంది, చైన్ మిషన్ తేవాలి, దాని కిరాయి ఎక్కువ, కోత సమయం కూడా ఎక్కువ. వడ్లలో తేమ దిగదు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తూకం వేయరు. పైగా ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన చోట ఉప్పు పైకి తేలి చౌడు మొదలవుతుంది, జింకు అందక ఆకులు తుప్పు రంగు తిరుగుతాయి. నీళ్లు బయటికి పోయే మురుగు కాలువ ఉంటేనే అలాంటి పొలం కొనాలి, అదీ ధర తగ్గించి.

మట్టి పరీక్షకు ఎకరంలో ఎనిమిది పది చోట్ల వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు నుంచి పలుచగా మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తేవాలి. గెట్టు పక్కన, ఎరువు కుప్ప వేసిన చోట తీయొద్దు. త్రిపురారం దగ్గరి కంపాసాగర్‌లో, నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెంలో వ్యవసాయ పరిశోధన కేంద్రాలు ఉన్నాయి, ఆ నేలలకు ఏ రకం పడుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటితే జిప్సం, జీలుగ (పచ్చిరొట్ట పైరు), రెండు మూడు పంటల ఓపిక, వీటి ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఏ ఏ కాగితాలు చూడాలి?

ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు భూ భారతి పోర్టల్‌లో సర్వే నంబరు కొట్టి పచ్చగా కనబడగానే సంతోషపడే వాళ్లే ఎక్కువ. అది తాజా సంగతి మాత్రమే. 2020 అక్టోబరులో దీనికి ముందున్న ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. ఈ రెండిటికీ ముందు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది, తగాదాలన్నీ అక్కడే ఉంటాయి.

తహసీల్దారు కార్యాలయంలో నకళ్లకు దరఖాస్తు పెట్టుకోవాల్సినవి: సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఎవరి పట్టా, ఎవరి సాగు అని రాసిన ఊరి రికార్డు), ఆ తర్వాత దశాబ్దానికి రెండు చొప్పున పహాణీలు, 1-బీ (పట్టాదారు వారీ రికార్డు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా. ఖాస్రా పహాణీలో ఉన్న పట్టాదారు నుంచి ఇవాళ అమ్మే మనిషి దాకా చేయి మారిన ప్రతిసారీ ఒక ఆధారం ఉండాలి. అమ్మకమైతే దస్తావేజు, వారసత్వమైతే ఫౌతీ (చనిపోయినవారి నుంచి వారసుల పేరుకు మార్పు), పంపకమైతే పంపకం పత్రం. ఏ పహాణీలోనైనా పేరు హఠాత్తుగా మారి, ఎందుకు మారిందో కాగితం లేకపోతే అక్కడే ఆగండి.

పహాణీలో పట్టాదారు గడి చూసి వదిలేయకండి, అనుభవదారు గడి చూడండి. అందులో పీటీ అని ఉంటే రక్షిత కౌలుదారు ఉన్నట్టు. 1950 కౌలుదారీ చట్టం కింద ఆ హక్కు వారసులకు కూడా వస్తుంది. 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే అసలు యజమాని వాళ్లే, పట్టాదారు మీకు అమ్మడానికి ఏమీ మిగల్లేదు. నల్గొండలో, పాలమూరులో పెద్ద పెద్ద దేశ్‌ముఖుల భూములు ముక్కలై వచ్చిన ఊళ్లలో ఇది తప్పకుండా చూడాల్సిందే.

ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్టుల ధ్రువపత్రం) రెండు చోట్ల తీయాలి. 2020 నవంబరు తర్వాతిది భూ భారతి పోర్టల్‌లో, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ దగ్గర. సొసైటీలో తీసుకున్న పంట రుణం చాలాసార్లు ఈసీలో కనబడదు. ఊళ్లోని బ్యాంకు శాఖ నుంచి, సహకార సంఘం నుంచి బాకీ లేదని ఉత్తరం తెమ్మని అమ్మేవాడినే అడగండి.

అసలు ముట్టుకోకూడని భూములు ఏవి?

పహాణీలో లావణి పట్టా అని ఉన్నది అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చినది. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకమే చెల్లదు, తెలియక కొన్నా వెనక్కి తీసుకుంటారు. గుడి మాన్యం, వక్ఫ్, ఓఆర్‌సీ (సాగుదారు హక్కు పత్రం) లేని ఇనాం కూడా ముట్టుకోకండి. భూదానోద్యమం 1951లో పోచంపల్లిలోనే మొదలైంది కాబట్టి ఉమ్మడి నల్గొండలో భూదాన్ నంబర్లు కూడా ఉన్నాయి. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు షెడ్యూల్డు గ్రామాల్లో గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. ఇవన్నీ నిషేధిత జాబితాలో ఉండాలి, కానీ ఒక సర్వే నంబరులో కొంత భాగమే నిషేధంలో ఉండి, అది ఏ భాగమో తేలని సందర్భాలూ ఉంటాయి. అలాంటి నంబరును వదిలేయండి. పొలాలు ఇంకా ఉన్నాయి.

సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం) మీద ఉన్న పొలం చవకగా వస్తోంది, తీసుకోవచ్చా?

పట్టా చేతికి రాని మనిషి మీకు పట్టా చేయలేడు. 2014 జూన్ 2కు ముందు కొని, 12 ఏళ్లు సాగులో ఉండి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న వాళ్లకు భూ భారతి చట్టంలో దారి ఉంది. ఆ దారిన వాళ్లు పాసుపుస్తకం తెచ్చుకున్నాకే మీరు బేరం చేయండి. జీపీఏ (యజమాని ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం) మీద అమ్మకాలకూ ఇదే మాట.

కాగితంలో ఎకరం ఉంది, కొలిస్తే 35 గుంటలే వచ్చింది. ఎందుకు?

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం ఆర్‌ఎస్‌ఆర్‌లో (ప్రభుత్వ సర్వే రిజిస్టరులో) 10 ఎకరాలు ఉంటే, దాన్ని ముక్కలు చేసి బై నంబర్లు వేసి పాసుపుస్తకాలు ఇచ్చేటప్పుడు అవన్నీ కలిపి 11 ఎకరాలు అయిన ఊళ్లు కోకొల్లలు. కాగితాల్లో ఉన్న ఆ అదనపు ఎకరం నేల మీద లేదు. చివర కొన్నవాడికి అది తెలిసొస్తుంది. కాబట్టి మీ బై నంబరు ఒక్కటే కాదు, ఆ సర్వే నంబరులోని అన్ని బై నంబర్లూ కూడి ఆర్‌ఎస్‌ఆర్‌తో పోల్చండి.

కొలత బయానాకు ముందే చేయించండి. పక్క పట్టాదారులకు కబురు చెప్పి, వాళ్లు గెట్టు మీద నిలబడి ఉండగా సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించాలి. గెట్టు పంచాయితీ ఉంటే ఆ రోజే బయటపడుతుంది. బాట కూడా అప్పుడే చూడండి. నక్షాలో బండ్ల బాట గీత ఉందా, లేక పక్కవాడి దయ మీద వెళ్తున్నారా? పెద్ద కోత మిషన్ కట్టర్ 14 అడుగుల దాకా ఉంటుంది, ఆ వెడల్పు బాట లేకపోతే పక్క పొలం కోసేదాకా మీ వరి నిలబడాల్సిందే.

అమ్మేవాడి పేరునే పట్టా ఉంది, ఇంకెవరి సంతకాలు కావాలి?

పాసుపుస్తకంలో ఒక్క పేరే ఉంటుంది, వాటాదారులు ఆ పేరు వెనక ఉంటారు. తాతల నాటి భూమి అయితే కొడుకులు, కూతుళ్లు అందరూ దస్తావేజులో సంతకం పెట్టాలి. పెళ్లయి వెళ్లిపోయింది, కట్నం ఇచ్చాం అనే మాట చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు, దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి కూతుళ్లందరికీ సమాన హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదని స్పష్టం చేసింది. ఆడబిడ్డ సంతకం కోసం ఆమె అత్తగారి ఊరు దాకా వెళ్లి మాట్లాడి రావడం ఒక రోజు పని. సంతకం లేకుండా కొంటే పదేళ్లు కోర్టు పని.

మైనరు వాటా ఉంటే జిల్లా కోర్టు అనుమతి లేకుండా తల్లి అయినా తండ్రి అయినా దాన్ని అమ్మితే ఆ పిల్లవాడు పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు.

బయానా ఎంత ఇవ్వాలి?

నూటికి పది దాటనివ్వకండి. అగ్రిమెంటులో ఇవి తప్పక ఉండాలి: కొలతలో తేలిన గుంటలకే డబ్బు, మిగతా సొమ్ముకు గడువు, నిలిచిన పంట ఎవరిది, పాత కౌలుదారు ఎప్పుడు ఖాళీ చేస్తాడు, బోరు మోటారు, స్టార్టరు, పైపులైను పొలంతో పాటు వస్తాయా. ఈ చివరిది రాయకపోతే రిజిస్ట్రేషన్ మర్నాడు మోటారు పైకి లేస్తుంది.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. భూమి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, పన్ను పరిధిలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్ను చట్టం కింద అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు.

రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఖర్చెంత?

వ్యవసాయ భూమికి తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్. స్లాటు బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులతో, ఆధార్, పాన్, పాత పాసుపుస్తకంతో వెళ్లాలి. స్టాంపు సుంకం 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 0.5, మొత్తం నూటికి 7.5. ఎకరాకు మ్యుటేషన్ రుసుం 2,500. విలువ 20 లక్షలు చూపిస్తే సుంకమే లక్షన్నర.

ఈ లక్షన్నర తగ్గించుకోవడానికి ప్రభుత్వ విలువకే రాయించి మిగతాది చేతికి ఇచ్చే అలవాటు ఉంది. పల్లె పొలానికి ఇందులో పెద్ద కలిసొచ్చేది లేదు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభాల పన్నే లేదు, అమ్మేవాడికి దాచుకోవాల్సిన పని లేదు. మీకు మాత్రం రేపు భూసేకరణ వస్తే పరిహారం లెక్క కట్టేటప్పుడు దస్తావేజులో రాసిన విలువలే ముందుకొస్తాయి.

ఎవరి పేరున కొనాలి? అన్నదమ్ములు కలిసి కొంటే?

ఒక్కరి పేరున కొని నోటి మాటగా పంచుకుంటే, పిల్లల కాలానికి అది తగాదా అవుతుంది. నాలుగెకరాలు ఇద్దరు కొంటే రెండేసి ఎకరాలుగా హద్దులు రాసి రెండు దస్తావేజులు చేయించుకోండి. ఒకే బోరు ఉంటే నీళ్లు వంతు, బాట ఎవరి వైపు నుంచి అన్నది కూడా రాయండి. ఇంకో సంగతి, రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే. అరవై దాటిన తండ్రి పేరున కంటే, కోడలి పేరునో కొడుకు పేరునో పెడితే 5 లక్షల ఆ బీమా ఇంటికి ఉంటుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి డబ్బు పంపుతున్నాడు, అతని పేరున కొనొచ్చా?

ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాల వారికిచ్చేది) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. దానంగా కూడా తీసుకోలేరు. వారసత్వంగా రావచ్చు. తల్లిదండ్రులకు డబ్బును బహుమతిగా ఇచ్చినట్టు కాగితం రాసి, వాళ్లే తమ పేరున కొనుక్కుని వీలునామా రాయడం సరైన దారి. ఆ కాగితం లేకుండా ఊళ్లో స్నేహితుడి పేరున, బావమరిది పేరున కొంటే బినామీ చట్టం కిందికి వస్తుంది.

కౌలుకు ఇస్తే భూమి పోతుందా?

ఆ భయంతోనే చాలామంది నోటి మాటగా ఇస్తారు, అదే చిక్కు. ఒక ఏడాదికి, ఎకరాలు, బస్తాలు, నీళ్లు రాకపోతే ఎంత తగ్గింపు, ఖాళీ చేసే తేదీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ప్రతి ఏడాదీ కొత్త కాగితం. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదు కౌలు రైతు పేరున చేయించండి, లేకపోతే కొనుగోలు కేంద్రంలో అతని వడ్ల డబ్బు మీ ఖాతాలో పడి లేనిపోని మాటలొస్తాయి.

బస్తాల కౌలే మంచిదని మా అభిప్రాయం. నగదు కౌలు ముందే తీసుకుంటే మీకు హాయి. కానీ నీళ్లు రాని ఏడు కౌలు రైతు మునిగిపోతాడు, మరుసటి ఏడు మంచి కౌలుదారు దొరకడు. చెత్త కౌలుదారు మూడేళ్లలో గెట్లు చెరిపి, మడి ఎత్తుపల్లాలు చేసి వెళ్తాడు.

రైతు భరోసా, పీఎం కిసాన్ మాకు వస్తాయా?

రైతు భరోసా పంటకు ఎకరాకు 6,000 పట్టాదారుకే వస్తుంది. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరున ఉండాలి, తర్వాత కొన్నవాళ్లకు రాదు. కౌలు ఆదాయం వ్యవసాయ ఆదాయమే, దాని మీద పన్ను లేదు. ఉద్యోగస్తులు మాత్రం ఏడాదికి 5,000 దాటితే రిటర్నులో చూపాలి, మిగతా జీతం పడే శ్లాబు లెక్కకు అది కలుస్తుంది.

ప్రాజెక్టు వస్తుంది, రింగు రోడ్డు వస్తుంది అని ధర చెబుతున్నారు. కొనొచ్చా?

ఇవాళ పారుతున్న నీళ్లకే ధర కట్టండి. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం నీళ్ల మీద ఆశతో దశాబ్దాలుగా భూములు చేతులు మారాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ప్రాంతీయ రింగు రోడ్డు దక్షిణ భాగం గీత పడే మండలాల్లో అయితే సర్వే నంబరు సేకరణ నోటిఫికేషన్‌లో ఉందేమో ముందు చూడండి. రోడ్డు పక్కన పొలం లాభం, రోడ్డు కింద పొలం కాదు.

కొన్నాక మొదటి పంటకు ముందు ఏం చేయాలి?

కొత్త పాసుపుస్తకంలో గుంటలు, బై నంబరు, పేరు స్పెల్లింగు సరిచూసుకోండి. కరెంటు సర్వీసు మీ పేరున మార్పించండి. రైతు బీమాకు నామినీ రాయించండి, ఆ పాలసీ ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది, ఆలోపే ఏఈఓను కలవాలి. హద్దురాళ్ల దగ్గర నిలబడి నాలుగు మూలల ఫొటోలు తీసి దస్తావేజుతో పాటు పెట్టండి. వేసవిలో జీలుగ చల్లి, పూతకు ముందు దమ్ములో కలియదున్నించండి. పిల్ల కాలువ పూడిక తీయడానికి ఊరివాళ్లు కూలీలను పెట్టిన రోజు మీ వంతు డబ్బు మొదట ఇవ్వండి. నీళ్ల వంతులు పంచేది వాళ్లే.